పాత ఆటోమేటిక్ కారులో గేర్‌బాక్సు ఆయిల్‌ను ఇంటి దగ్గరే మార్చుకోవడం ఎలా

ఆటోమేటిక్ కారు పదేళ్ళు దాటాక దాదాపు ప్రతి యజమానీ అడిగే ప్రశ్న ఇది: గేర్‌బాక్సు ఆయిల్ మార్చాలా, మారిస్తే ఇంటి దగ్గర మార్చుకోవచ్చా? మార్చాలి. చాలా బండ్లలో ఇంటి దగ్గరే మార్చుకోవచ్చు కూడా. ఇంజిన్ ఆయిల్ మార్చడం వచ్చినవారు ఇందులో కొత్తగా నేర్చుకోవలసిన పానా పని పెద్దగా ఏమీ లేదు. తేడా అంతా కొలతలో ఉంది. ఇంజిన్ ఆయిల్ కొంచెం అటూ ఇటూ అయినా బండి ఓర్చుకుంటుంది కానీ, ఆటోమేటిక్ గేర్‌బాక్సు అంతగా ఓర్చుకోదు. అందువల్ల బోల్టు విప్పడం గురించి ఇక్కడ తక్కువగానూ, సరైన ఆయిల్‌ను ఎంచుకోవడం, మట్టం సరిచూడడం గురించి ఎక్కువగానూ చెబుతాను.

ఈ ఆయిల్ జీవితాంతం మార్చనక్కర్లేదని షోరూములో చెప్పారనే వారు ఉన్నారు. ఎన్నో కార్ల కంపెనీలకు ఆటోమేటిక్ గేర్‌బాక్సులు తయారుచేసి ఇచ్చే జర్మన్ సంస్థ జడ్‌ఎఫ్ మాత్రం తన గేర్‌బాక్సుల్లో 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్ళకు ఒకసారి మార్చమంటుంది. పైగా మన నడక బెంగళూరు నడక. సిల్క్ బోర్డు దగ్గరా, ఔటర్ రింగ్ రోడ్డు మీదా బండి అడుగడుగునా ఆగుతూ కదులుతూ ఉన్నంతసేపూ ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్సుకు అందించే టార్కు కన్వర్టరులో ఆయిల్ చిలకబడి వేడెక్కుతూనే ఉంటుంది, ఆయిల్ ఆయుష్షును తగ్గించేది ఆ వేడే. కారుతో వచ్చిన పుస్తకంలో కఠిన వాడకానికి ఇచ్చిన గడువునే మీ గడువుగా తీసుకోండి. పుస్తకం పోయి ఉంటే 40,000 కిలోమీటర్లకు ఒకసారి మార్చడం అతి జాగ్రత్త ఏమీ కాదు.

ముందు మీ గేర్‌బాక్సు ఏ రకమో తేల్చుకోండి

క్లచ్ పెడల్ లేని ప్రతి కారులోనూ ఒకే రకం గేర్‌బాక్సు ఉండదు. ఈ వ్యాసం టార్కు కన్వర్టరు ఉన్న సంప్రదాయ ఆటోమేటిక్ గురించి. పాత హోండా సివిక్, 2008–2013 నాటి హోండా సిటీ, నాలుగు గేర్ల టయోటా కరోలా ఆల్టిస్, హ్యుందాయ్ ఐ10, మారుతి ఎస్‌ఎక్స్4, ఏ-స్టార్ ఆటోమేటిక్‌లు ఈ కోవలోవి.

మన దేశంలో 2014లో మారుతి సెలెరియోతో మొదలైన ఏఎంటీ బండ్లలో ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ నొక్కే పనీ, గేరు మార్చే పనీ మనిషికి బదులు యంత్రం చేస్తుంది, అంతే. అందులో మాన్యువల్ గేర్ ఆయిల్ పోయాలి తప్ప ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిల్) పోయకూడదు. గేర్లకు బదులు బెల్టుతో నడిచే సీవీటీ బండ్లకు సీవీటీ ఆయిల్ వేరే ఉంటుంది. ఉదాహరణకు 2014 నుంచి వచ్చిన హోండా సిటీ సీవీటీకి హెచ్‌సీఎఫ్-2 పోయాలి. సీవీటీలో మామూలు ఏటీఎఫ్ పోస్తే బెల్టుకు కావలసిన పట్టు దొరక్క అది జారి పాడవుతుంది. రెండు క్లచ్‌లతో పనిచేసే డీఎస్‌జీ గేర్‌బాక్సు ఉన్నవారు ఇంటి దగ్గర ఈ పని పెట్టుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే దాని ఆయిల్ వేరు, మట్టం చూసే పద్ధతీ వేరు.

ఆయిల్ పేరు

అన్ని కార్లకూ సరిపోతుందని రాసి ఉన్న డబ్బా మీద నాకు నమ్మకం తక్కువ. గేజి (ఆయిల్ మట్టం చూసే పుల్ల) పిడి మీద గానీ, గేర్‌బాక్సు మూత మీద గానీ, పుస్తకంలో గానీ ఏ పేరు ఉందో ఆ పేరుతోనే అడగండి.

హోండా సంప్రదాయ ఆటోమేటిక్‌లకు ఒకప్పుడు జడ్-1 ఉండేది. దాని స్థానంలో వచ్చిన డీడబ్ల్యూ-1ను జడ్-1 ఉన్న గేర్‌బాక్సులో నిస్సందేహంగా పోయవచ్చు. టయోటాలో కథ వేరు: పాతవాటికి టీ-4, తరవాతివాటికి డబ్ల్యూఎస్. ఇవి ఒకదానికొకటి ప్రత్యామ్నాయం కావు, కలపకూడదు. హ్యుందాయ్ నాలుగు గేర్ల పెట్టెలకు ఎస్‌పీ-3, తరవాత వచ్చిన ఆరు గేర్ల పెట్టెలకు ఎస్‌పీ-4 పోయాలి. ఇక కొట్లలో విరివిగా కనిపించే డెక్స్‌రాన్-3 సంగతి: జనరల్ మోటార్స్ ఆ ప్రమాణానికి అనుమతులు ఇవ్వడం 2006తోనే ఆపేసింది. ఇప్పుడు డబ్బా మీద ఆ పేరు ఉందంటే దానికి ఆ డబ్బా తయారుచేసినవారి మాటే హామీ.

బెంగళూరులో వీటికి జేసీ రోడ్డు ఉండనే ఉంది. అక్కడి కొట్లలో తెలుగులో అడిగినా పని జరుగుతుంది, కారు పెట్టుకునే చోటు మాత్రం దొరకదు కనుక స్కూటరు మీద వెళ్ళండి. బిల్లు లేకుండా ఆయిల్ కొనకండి. మూత సీలు చెక్కుచెదరకుండా ఉందా, బ్యాచి నంబరూ తయారీ తేదీ చెరగకుండా ఉన్నాయా అని కొట్లోనే చూసుకోండి. డ్రెయిన్ ప్లగ్గుకు కొత్త వాషరు కూడా అక్కడే, ఆ మోడల్ పేరు చెప్పి తీసుకోండి. ఇంతా చేసి ఆ చిన్న వాషరు మరిచిపోయి వచ్చేవారే ఎక్కువ.

ఈ పని మొదలుపెట్టకూడని సందర్భాలు

గేజి తీసి ఆయిల్ చుక్కను తెల్లటి టిష్యూ కాగితం మీద వేసి చూడండి. చాలా ఏటీఎఫ్‌లు కొత్తగా ఉన్నప్పుడు పారదర్శకమైన ఎరుపులో ఉంటాయి, వాడకంలో గోధుమ రంగుకు తిరుగుతాయి. గోధుమ రంగు ఒక్కదానికే బెదరనక్కర్లేదు. నల్లగా మారి మాడు వాసన వస్తుంటే, బండి గేరు మారేటప్పుడు ఇంజిన్ అరుపు పెరిగి వేగం మాత్రం పెరగకుండా జారుతుంటే, లోపలి క్లచ్ పలకలు అరిగిపోయి ఉన్నట్టు. కొత్త ఆయిల్ ఆ అరుగుదలను పూడ్చలేదు. అలాంటి బండిలో ఆయిల్ మార్చిన వారానికి గేర్‌బాక్సు పోతే నింద ఆయిల్ మీద పడుతుంది గానీ, రోగం అంతకుముందే ఉంది. ముందు గేర్‌బాక్సు పని తెలిసిన మెకానిక్కుకు చూపించండి.

ఆయిల్ గులాబీ రంగు పాలలా చిక్కగా కనిపిస్తే రేడియేటరు లోపలున్న ఆయిల్ కూలరు చిల్లిపడి కూలెంటు కలిసినట్టు. బండిని ఇక ఒక్క కిలోమీటరు కూడా నడపకుండా టోయింగ్ చేయించండి.

ఇంకొక సూచన కూడా ఉంది. రేపు తిరుపతి ప్రయాణం పెట్టుకుని ఇవాళ ఈ పని చేయకండి. మార్చాక మట్టం మళ్ళీ చూడడానికీ, కారుతోందేమో గమనించడానికీ ఊళ్ళో రెండు మూడు రోజుల తిరుగుడు కావాలి. ఆ పరీక్ష ఘాట్ రోడ్డు మీద జరగకూడదు.

కావలసినవి

- సరైన ఏటీఎఫ్. ఒకసారి మార్చడానికి 3 లీటర్లు, మూడు విడతల్లో మార్చాలనుకుంటే 8 లీటర్లు. ఇది సిటీ, సివిక్ పరిమాణంలోని బండ్ల లెక్క. మీ పుస్తకంలోని అంకె చూసుకోండి.
- కొత్త వాషరు. పాతదాన్ని తిప్పి వేయడం పొదుపు కాదు.
- జాకీ, రెండు జాకీ స్టాండ్లు, వెనక చక్రాలకు అడ్డు పెట్టడానికి చెక్క దిమ్మలు.
- ప్లగ్గుకు సరిపోయే రాట్చెట్టు లేదా అలెన్ కీ, వీలైతే బిగింపు కొలిచే టార్కు రెంచి.
- కనీసం 5 లీటర్లు పట్టే వెడల్పాటి తొట్టి.
- పొడవైన సన్నటి గొట్టం ఉన్న గరాటు. కొత్తదై ఉండాలి. ఇంజిన్ ఆయిల్‌కో కూలెంటుకో వాడినది కడిగినా పనికిరాదు.
- లీటరు గుర్తు ఉన్న ఖాళీ నీళ్ళ సీసాలు, చేతి తొడుగులు, నూగు రాలని గుడ్డ. మెకానిక్ షెడ్లలో వాడే బనియను వేస్టు గుడ్డ ఇక్కడ వద్దు. దాని పోగు ఒక్కటి లోపలికి పోయినా గేర్‌బాక్సులో ఆయిల్‌ను మళ్ళించే వాల్వుబాడీలోని సన్నటి దారుల్లో ఇరుక్కునే ప్రమాదం ఉంది.

జాకీ స్టాండ్లు లేకపోతే ఈ పని వాయిదా వేయండి. జాకీ ఒక్కదాని మీద నిలబెట్టిన కారు కిందికి తల కూడా పెట్టకూడదు. స్టాండ్లు కొనడం దండగ అనిపించినవారికి ఒక మార్గం ఉంది: మీ ఆయిల్, మీ వాషరు పట్టుకుని గుంత గానీ లిఫ్టు గానీ ఉన్న దగ్గరి షెడ్డుకు వెళ్ళి, కూలి మాట్లాడుకుని, పక్కనే నిలబడి చేయించుకోండి. కొలతలు మాత్రం మీరే చూసుకోండి.

పని క్రమం

ఇక్కడ 2008–2013 నాటి సిటీ ఐదు గేర్ల ఆటోమేటిక్‌ను ఉదాహరణగా తీసుకుంటున్నాను. తేడాలు వచ్చిన చోట మిగతా బండ్ల సంగతి చెబుతాను.

1. చదునైన నేల చూసుకోండి. అపార్టుమెంటు సెల్లారు చదునుగా కనిపిస్తుంది గానీ నీళ్ళు పోవడానికి ఏదో ఒక పక్కకు వాలు ఇచ్చి ఉంటారు. ఫోనులో మట్టం చూపే యాప్ తెరిచి, ఫోనును నేల మీద నాలుగు చోట్ల నిలువుగానూ అడ్డంగానూ పెట్టి చూడండి. ఒక డిగ్రీకి మించి తేడా ఉన్న చోట మట్టం నమ్మదగినది కాదు. పనిలో పనిగా, పార్కింగులో బండి పనులు చేయకూడదని అసోసియేషన్ నిబంధన ఉందేమో కనుక్కోండి. కింద పాత ఫ్లెక్సీ పరిస్తే సగం గొడవ తప్పుతుంది.

2. బండిని పది నిమిషాలు నడిపి తెచ్చి, ఇరవై నిమిషాలు ఆరనివ్వండి. ఆయిల్ గోరువెచ్చగా ఉంటే బాగా దిగుతుంది. నడిపిన వెంటనే తీస్తే చెయ్యి కాలుతుంది, పక్కనే ఉన్న సైలెన్సరు గొట్టం అంతకంటే ఎక్కువ కాలుస్తుంది.

3. చక్రాలకు అడ్డు పెట్టి, హ్యాండ్‌బ్రేకు వేసి, గేరు పీ లో పెట్టి, ముందు భాగాన్ని ఎత్తి స్టాండ్ల మీద నిలపండి. కిందికి వెళ్ళే ముందు బండిని పక్క నుంచి గట్టిగా ఊపి చూడండి.

4. కింద ఏదీ ముట్టుకోకముందే, ఆయిల్ పోసే దారి తెరుచుకుంటుందో లేదో చూడండి. సిటీలో గేజి ఉన్న రంధ్రంలోంచే పోయాలి. అది గేర్‌బాక్సు ముందు వైపున కిందుగా, ఇరుకులో ఉంటుంది. గరాటు గొట్టం అందులో నిలుస్తుందో లేదో ఇప్పుడే పెట్టి చూసుకోండి. పక్కన ఫిల్లర్ బోల్టు ఉండే బండ్లలో అది ఏళ్ళ తరబడి కదలక బిగుసుకుపోయి ఉంటుంది. ఆయిల్ అంతా కిందికి దింపేశాక పై బోల్టు రాలేదంటే ఆ బండి షెడ్డుదాకా కూడా నడవలేదు. ఈ ఒక్క మెట్టును దాటవేసినవారే నాకు ఎక్కువగా ఫోను చేస్తారు.

5. సరైన ప్లగ్గును గుర్తించండి. కింద రెండు ప్లగ్గులు కనిపిస్తాయి, ఇంజిన్‌ది ఒకటి, గేర్‌బాక్సుది ఒకటి. ఇంజిన్ ఆయిల్ మార్చబోయి గేర్‌బాక్సును ఖాళీ చేసి, ఆ పైన ఇంజిన్‌లో రెట్టింపు ఆయిల్ పోసేవారు షెడ్లలో కూడా ఉన్నారు. సిటీలో గుర్తు తేలిక: 17 మిల్లీమీటర్ల ఆరు పలకల తల ఉన్నది ఇంజిన్‌ది; ముందు ఎడమ చక్రం వైపున ఉండి, తలలో చదరపు గుంట ఉన్నది గేర్‌బాక్సుది. ఆ గుంటలో 3/8 అంగుళం రాట్చెట్టు తల నేరుగా కూర్చుంటుంది, సాకెట్టు అక్కర్లేదు. గుంటలో పేరుకున్న మట్టిని సన్నటి స్క్రూడ్రైవరుతో గీకి తీసి, రాట్చెట్టు పూర్తిగా దిగిందని తెలిశాకే బలం పెట్టండి. సగం దిగిన రాట్చెట్టు గుంట అంచులను గుండ్రంగా అరగదీస్తుంది.

6. తొట్టి పెట్టి ప్లగ్గు తీయండి. ఆయిల్ మొదట దూరంగా ఎగిరి పడుతుంది కనుక తొట్టిని కొంచెం ముందుకు జరిపి ఉంచండి. ధార చుక్కలుగా మారేదాకా, అంటే పావుగంట వరకూ, ఆగండి.

7. ప్లగ్గు కొనకు ఉన్న అయస్కాంతాన్ని చూడండి. దాని మీద బూడిద రంగు మెత్తటి ముద్ద ఉండడం సహజం. వేళ్ళ మధ్య రుద్దితే కాటుకలా పాకుతుందే తప్ప గుచ్చుకోదు. చేతికి తగిలే ముక్కలు, మెరిసే రజను, విరిగిన పళ్ళ అంచులు ఉంటే వాటిని పొట్లం కట్టి దాచి, ఫోటో తీసి మెకానిక్కుకు చూపించండి. మామూలు ముద్దే అయితే శుభ్రంగా తుడిచేయండి.

8. కొత్త వాషరు వేసి, ప్లగ్గును మొదట చేత్తోనే తిప్పండి. మూడు నాలుగు చుట్లు చేత్తో తిరగకపోతే మరలు అడ్డంగా పడ్డట్టు. విప్పి మళ్ళీ మొదలుపెట్టండి. గేర్‌బాక్సు ఒంటి లోహం అల్యూమినియం. ఉక్కు ప్లగ్గుకు ఏమీ కాదు, మరలు చెడేది పెట్టెకే. హోండాలో బిగింపు 49 న్యూటన్ మీటర్లు. ఈ అంకెను మిగతా బండ్లకు వాడకండి, కొన్ని బండ్లలో గేర్‌బాక్సు అడుగున ఉండే పలుచటి పాన్లకు (ఆయిల్ తట్టలకు) ఇందులో సగం కూడా ఎక్కువే.

9. దిగిన ఆయిల్‌ను కొలవండి. తొట్టిలోది చల్లారాక లీటరు సీసాల్లోకి పోసి, ఎంత వచ్చిందో కాగితం మీద రాయండి. సిటీలో ఇది సుమారు రెండున్నర లీటర్లు ఉంటుంది. పుస్తకంలో అంతకంటే చాలా పెద్ద అంకె కనిపిస్తే కంగారు పడకండి, అది గేర్‌బాక్సును విప్పి బిగించినప్పటి మొత్తం. అందులో చాలా భాగం టార్కు కన్వర్టరులోనే ఉండిపోతుంది. దిగినంతే పోయాలి. అయితే ముందు మట్టం సరిగా ఉందో లేదో చూసుకుని ఉంటేనే ఈ సూత్రం పనికొస్తుంది. పాత మెకానిక్కు తక్కువ పోసి వదిలేసి ఉంటే మీరు ఆ తక్కువనే మళ్ళీ పోసినట్టవుతుంది.

10. గరాటు పెట్టి నెమ్మదిగా పోయండి. దిగినదానికంటే ఒక పావు లీటరు తక్కువ పోసి ఆపండి. తక్కువైతే కలపడం చిటికెలో పని. ఎక్కువైతే మళ్ళీ ప్లగ్గు తీయాలి, లేదా గేజి రంధ్రంలోంచి సిరంజికి గొట్టం తగిలించి లాగాలి.

11. బండిని స్టాండ్ల మీంచి దింపి, ఇంజిన్ స్టార్టు చేసి, బ్రేకు గట్టిగా తొక్కి పట్టి, పీ నుంచి మొదలుపెట్టి ఆర్, ఎన్, డీ, ఇంకా కింద ఉన్న స్థానాలన్నిటిలోనూ ఐదేసి సెకన్లు ఆపుతూ తీసుకెళ్ళి తిరిగి పీకి తీసుకురండి. ఎదురుగా గోడ గానీ మనిషి గానీ ఉండకూడదు. ఇంజిన్ నడుస్తుండగా కిందికి వంగి ప్లగ్గు దగ్గర చెమ్మ ఉందేమో టార్చి వేసి చూడండి.

మట్టం సరిచూడడం

ఇదే అసలు పని. వేడికి ఆయిల్ వ్యాకోచిస్తుంది. చల్లగా ఉన్నప్పుడు చూసి తక్కువగా ఉందని నింపితే, వేడెక్కాక ఎక్కువవుతుంది. ఎక్కువైన ఆయిల్‌ను తిరిగే భాగాలు చిలికి నురగ చేస్తాయి, ఆ నురగలో గాలి ఉంటుంది కనుక పీడనం నిలవదు. తక్కువైతే పంపు నేరుగా గాలి పీలుస్తుంది. రెండు దారులూ క్లచ్ పలకలు జారడం దగ్గరికే చేరతాయి.

హోండాలో పద్ధతి ఇది. ఇంజిన్‌ను రేడియేటరు ఫ్యాను తిరిగేదాకా వేడెక్కనిచ్చి, చదునైన చోట ఆపి, ఇంజిన్ కట్టేయాలి. కట్టేసిన 60 నుంచి 90 సెకన్ల మధ్య గేజి తీసి, తుడిచి, పూర్తిగా దించి, మళ్ళీ తీసి చూడాలి. మట్టం రెండు గుర్తుల మధ్య, పై గుర్తుకు దగ్గరగా ఉంటే చాలు.

టయోటా, హ్యుందాయ్, ఇంకా గేజి ఉన్న చాలా బండ్లలో ఇందుకు పూర్తిగా భిన్నం. అక్కడ ఇంజిన్ నడుస్తూ ఉండగానే, గేర్లన్నీ ఒకసారి తిప్పి పీలో పెట్టి చూడాలి. ఇంజిన్ కట్టేసి చూస్తే ఆయిల్ కిందికి దిగి మట్టం ఎక్కువగా చూపిస్తుంది. అది నమ్మి తీసేశారంటే గేర్‌బాక్సు ఎండుతుంది. టయోటా గేజి మీద చల్లని గుర్తులు, వేడి గుర్తులు విడివిడిగా ఉంటాయి. చల్లనివి పోసేటప్పుడు ఉజ్జాయింపుకు మాత్రమే, తుది మాట వేడి గుర్తులదే. ఒక కంపెనీ పద్ధతిని ఇంకొక కంపెనీ బండికి వాడడం నేను చూసిన తప్పుల్లో అన్నిటికంటే సాధారణమైనది.

కొత్త ఏటీఎఫ్ పలుచగా, స్వచ్ఛంగా ఉండడం వల్ల గేజి మీద సరిగా కనిపించదు. గేజి రెండు వైపులా చూడండి, రెండూ వేరుగా ఉంటే తక్కువ చూపించే వైపే నిజం. పోసిన వెంటనే గొట్టం గోడలకు అంటిన ఆయిల్ గేజికి పూసుకుని దొంగ లెక్క చూపిస్తుంది కనుక పది నిమిషాలు ఆగి చూడండి. తక్కువ అనిపిస్తే వంద మిల్లీలీటర్ల చొప్పున కలుపుతూ, ప్రతిసారీ మళ్ళీ చూస్తూ పోండి. ఇక్కడ విసుగు పడితే అంతకుముందు పడ్డ శ్రమ వృథా.

గేజి అసలే లేని బండ్లు కూడా ఉన్నాయి. ఆరు గేర్ల ఫోక్స్‌వ్యాగన్ వెంటో, డబ్ల్యూఎస్ ఆయిల్ వాడే కొన్ని టయోటాలు అలాంటివి. వాటిలో కింద పొంగుగొట్టం ఉంటుంది. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ నిర్ణీత వేడికి, చాలా పెట్టెల్లో 35 నుంచి 45 డిగ్రీల సెల్సియస్ మధ్యకు చేరినప్పుడు చెక్ ప్లగ్గు తీస్తే, ఆయిల్ సన్నటి చుక్కలుగా పొంగితే మట్టం సరిపోయినట్టు. ధారగా వస్తే ఎక్కువ, ఏమీ రాకపోతే తక్కువ. ఈ వేడిని చూడడానికి బండి కంప్యూటరుకు తగిలించి గేర్‌బాక్సు ఉష్ణోగ్రత చదవగల ఓబీడీ స్కానరు కావాలి. బండి నాలుగు చక్రాల కిందా సమానంగా ఎత్తి ఉండాలి, నడుస్తున్న ఇంజిన్ కింద మనిషి ఉండాలి. కాబట్టి ఈ బండ్ల వారికి లిఫ్టు ఉన్న షెడ్డునే సూచిస్తాను.

పాన్ విప్పే బండ్లలో

టయోటా, హ్యుందాయ్, మారుతి పెట్టెలు చాలావాటికి కింద ఆయిల్ పాన్ ఉంటుంది, షెడ్లలో దీన్ని ఛాంబరు అంటారు. మొదటిసారి మారుస్తున్నప్పుడు పాన్ విప్పి, లోపలి అయస్కాంతాలను తుడిచి, ఫిల్టరు మార్చడం మంచిది. బోల్టులన్నీ ఒకేసారి తీయకండి. ఒక మూల రెండిటిని వదులుగా ఉంచి మిగతావి తీస్తే పాన్ ఆ వైపు వేలాడి మిగిలిన ఆయిల్ వంచినట్టు దిగుతుంది. పాత ఫిల్టరుతో పాటు దాని రబ్బరు ఓ-రింగు కిందికి వచ్చిందో లేదో చూడండి. పాతది లోపలే అంటుకుని ఉండగా కొత్తది ఎక్కిస్తే పంపు గాలి లాగుతుంది.

గ్యాస్కెట్టు ఉన్న చోట దానికి అనాబాండ్ లాంటి సీలెంటు పూయకండి. గ్యాస్కెట్టు లేకుండా సీలెంటు మీదే నిలిచే పాన్లకు మాత్రం సన్నటి ఒకే గీతగా పూయండి. లోపలికి పొంగిన సీలెంటు ముక్క ఊడి ఫిల్టరు చేరుతుంది. ఈ బోల్టులు చిన్నవి, బిగింపు 10 న్యూటన్ మీటర్ల ప్రాంతంలోనే ఉంటుంది. ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో బిగించండి. కారుతోందని ఇంకాస్త బిగిస్తే పాన్ అంచు వంగి ఇంకా కారుతుంది.

ఒకసారి చాలా, మూడుసార్లా?

పెట్టెలో మొత్తం 6 లీటర్లు పడుతుందనీ, ప్లగ్గు తీస్తే 2.5 లీటర్లే దిగుతుందనీ అనుకోండి. మొదటిసారి మారిస్తే లోపల 42 శాతం కొత్త ఆయిల్, రెండోసారికి 66 శాతం, మూడోసారికి 80 శాతం అవుతుంది. నాలుగోసారి ఖర్చుకు తగిన ఫలితం ఉండదు. విడతకూ విడతకూ మధ్య మూడు నాలుగు వందల కిలోమీటర్లు నడపండి. క్రమం తప్పకుండా మార్చిన చరిత్ర ఉన్న బండికి ఒక్కసారి చాలు. చరిత్ర తెలియని, సెకండ్‌హ్యాండులో కొన్న బండికి ఈ మూడు విడతల పద్ధతినే నేను ఇష్టపడతాను. యంత్రంతో ఒత్తిడి పెట్టి ఒకేసారి పాత ఆయిల్‌నంతా తోసేసే ఫ్లషింగును పాత బండికి నేను సిఫారసు చేయను. హోండా విషయంలోనైతే ఈ విడతల పద్ధతి ఎటూ ఇంటి దగ్గర సాగుతుంది.

మిగిలిన ఏటీఎఫ్‌ను పవర్ స్టీరింగులో పోయవచ్చా అని అడుగుతారు. స్టీరింగు డబ్బా మూత మీద ఏటీఎఫ్ అని రాసి ఉంటేనే పోయవచ్చు. హోండాలో దానికి వేరే ఆయిల్ ఉంది, కనుక పోయకూడదు.

మార్చాక గమనించవలసినవి

మొదటి రోజు రద్దీ లేని రోడ్డు మీద పదిహేను కిలోమీటర్లు నడపండి. గేరు పడేటప్పుడు కుదుపు తగ్గాలి, లేదా మునుపటిలాగే ఉండాలి. గేర్‌బాక్సు కంప్యూటరు పాత ఆయిల్ తీరుకు అలవాటు పడి ఉండే బండ్లలో కొన్నాళ్ళు గేర్లు కొంచెం మొరటుగా పడవచ్చు. అది వారంలో సర్దుకోకపోతే స్కానరు ఉన్నవారి దగ్గర ఆ నేర్చుకున్న విలువలను చెరిపించండి. పీ నుంచి డీకి మార్చాక బండి కదలడానికి రెండు సెకన్లు పడుతుంటే, లేదా ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ అరుస్తుంటే, నడపడం ఆపి ముందు మట్టం చూడండి. పదింటిలో తొమ్మిదిసార్లు అది తక్కువే అయి ఉంటుంది.

రాత్రి బండి కింద అట్టముక్క పరిచి పొద్దున చూడండి. ప్లగ్గు చుట్టూ చెమ్మ కనిపిస్తే ముందు శుభ్రంగా తుడిచి మరుసటి రోజు చూడండి, పని చేసేటప్పుడు ఒలికినదే దిగుతూ ఉండవచ్చు. నిజంగానే కారుతుంటే వాషరు మళ్ళీ మార్చండి. ఎం-సీల్ పెట్టడం పరిష్కారం కాదు, తరవాతిసారి ప్లగ్గు తీయడానికి అదే అడ్డం. తేదీ, కిలోమీటర్లు, ఆయిల్ పేరు, దిగినది ఎంత, పోసినది ఎంత అన్నవి ఒక కాగితం మీద రాసి పుస్తకంలో పెట్టండి. బండి అమ్మేటప్పుడు కూడా ఆ కాగితానికి విలువ ఉంటుంది.

పాత ఆయిల్‌ను మోరీలో పోయకండి. మన మోరీలు రాజకాలువల్లోకి (ఊరి పెద్ద వాననీటి కాలువల్లోకి), అవి చెరువుల్లోకి పోతాయి. నురగతోనూ మంటలతోనూ బెళ్ళందూరు చెరువు వార్తల్లోకి ఎక్కిన సంగతి అందరికీ తెలుసు. వాడిన ఆయిల్ 2016 నాటి నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థం. సీసాల్లోకి ఎత్తి మూత బిగించి, వాడిన ఆయిల్‌కు పీపా పెట్టుకున్న షెడ్డుకు ఇస్తే సాధారణంగా కాదనరు, అక్కడి నుంచి అది శుద్ధి చేసేవారికి చేరుతుంది. కూలెంటో పెట్రోలో అందులో కలపకండి, కలిస్తే వాళ్ళు తీసుకోరు. ఇక కొత్త ఆయిల్ వచ్చిన ఖాళీ డబ్బాలను పాత సామాన్లవాడికి వేసే ముందు లేబుల్ చింపి, అడుగున మేకుతో రెండు చిల్లులు పొడవండి. నకిలీ ఆయిల్ నింపి అమ్మేవారికి కావలసింది సరిగ్గా అలాంటి శుభ్రమైన డబ్బాలే.